తమ్ముడి రక్తంలో అక్క

ఫిబ్రవరి 3

ఒరేయ్ తమ్ముడూ,

నీ రక్తం వచ్చింది, నీ ఉత్తరమూ వచ్చింది. రెండూ ఒకే పెట్టెలో వచ్చాయి. మీ ఆస్పత్రి నుంచి మా ల్యాబుకి రక్తం పెట్టె తెచ్చే వ్యాను డ్రైవరు, "ఏమ్మా, మీ అక్కాతమ్ముళ్ళకి ఫోన్లు లేవా, ఈ ఉత్తరాలేంటి?" అని నవ్వాడు. మందులకి నీ నోరంతా పూసిందనీ, నాలుగు మాటలాడితే నెత్తురొస్తుందనీ అతనికేం తెలుసు? పైగా నువ్వే కదా అన్నావు, "ఫోన్లో అన్నీ బాగున్నాయి బాగున్నాయి అంటావక్కా, కాగితం మీద అబద్ధం రాయడం నీకు చేతకాదు" అని. సరే, రాస్తా. చదువుకో.

ముందు అసలు సంగతి. స్లైడంతా నేనే!

ఎలా తెలుస్తుందని అడిగావు కదా. నాకు నీ లిఫ్టుల భాష రాదు, జిప్పు భాషలో చెప్తా. కణంలో ఉండే క్రోమోజోము ఒక పొడుగాటి జిప్పు అనుకో. వేడి చేస్తే రెండు పక్కలూ విడిపోతాయి. అప్పుడు మేం ఒక చిన్న ముక్కని వదులుతాం. దాన్ని ప్రోబ్ అంటాం. దాని పళ్ళు సరిగ్గా కుదిరే చోటు ఒక్కటే ఉంటుంది, అక్కడికే పోయి అతుక్కుంటుంది, ఇంకెక్కడ పెట్టినా కూర్చోదు. దానికి మెరిసే రంగు అంటించి ఉంటుంది. ఒక రాత్రి వెచ్చటి తడి డబ్బాలో ఉంచి, మర్నాడు కడిగి, చీకటిగదిలో మైక్రోస్కోపు కింద పెడితే నీలం కణాల్లో చుక్కలు వెలుగుతాయి. ఆడకీ మగకీ ఉండే ఎక్స్ క్రోమోజోముకి ఎరుపు. మగవాళ్ళకే ఉండే వై క్రోమోజోముకి ఆకుపచ్చ. రెండెరుపులుంటే ఆ కణం నాది. ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ ఉంటే నీది. నా నడుం ఎముకలోంచి తీసిన మూలుగ నీకెక్కించి మూడు నెలలయింది కదా, ఇప్పుడు నీ ఒంట్లో రక్తం తయారుచేస్తున్నది నా మూలుగా, నీ మూలుగా అన్నది దీంతో తేలిపోతుంది. రెండొందల కణాలు చూశారు. అన్నీ రెండెరుపులే.

చూశారు అన్నాను, చూశాను అనలేదు. సొంతవాళ్ళ స్లైడు మేం లెక్కపెట్టకూడదు, రూలు. ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి, ఒకరికొకరు చెప్పుకోకుండా రాసిపెడతారు. వాళ్ళలో ఒకావిడని మేం నిదానం అంటాం. ఆవిడ ఒక్కో కణాన్నీ పెళ్ళిచూపులకొచ్చినట్టు చూస్తుంది. వాళ్ళిద్దరి పనీ అయ్యాక, స్లైడు బీరువాలోకి పోయేముందు నేను వెళ్ళి చూసుకుంటా. అదేమీ నేరం కాదు.

నవ్వుకునే ముక్క ఒకటుంది. కొత్తగా చేరిన డాక్టరు నీ స్లైడు చూసి, "ట్యూబు మారిపోయిందండీ, పేరు మగాయనది, రక్తం ఆడమనిషిది" అని ల్యాబంతా గోల చేశాడు. "ఆ ఆడమనిషిని నేనే, కూర్చోండి" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

మరదల్ని అడిగానని చెప్పు. పాపకి ముద్దులు. మాత్రలు వేళకి మింగు.

నీ అక్క

ఫిబ్రవరి 10

అక్కా,

నా ఒంట్లో కాపురం పెట్టినందుకు దండాలు. అడ్వాన్సు కూడా ఇవ్వకుండా దిగిపోయావు!

నువ్వు రాసింది మీ మరదలికి చదివి వినిపించా. "అందుకేనా ఈమధ్య అచ్చం మీ అక్కలాగే ఖాళీ కవర్లన్నీ మడతలు పెట్టి పరుపు కింద దాస్తున్నారు?" అంది. నిజమేనక్కా, దాస్తున్నాను. ఇదివరకు ఎప్పుడైనా దాచానా? పాప మాత్రం రోజుకోసారి, "నాన్నా, నీలో అత్త ఎక్కడుంది?" అంటుంది. మోచెయ్యి చూపిస్తా. ఆ మోచేతికి ముద్దుపెట్టి బడికి పోతుంది.

ఆస్పత్రి పక్కన తీసుకున్న ఈ గది నాలుగో అంతస్తులో ఉంది. జనంలోకి వెళ్ళకూడదు, పని లేదు, పాటు లేదు. పొద్దస్తమానం లిఫ్టు చప్పుడు వింటూ కూర్చుంటా. దీని బ్రేకు అరిగిపోయింది. అంతస్తు దగ్గర ఆగినప్పుడు బెత్తెడు కిందకి జారి మళ్ళీ పైకెగురుతుంది. పదహారేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాడు ఆ చప్పుడు వింటూ ఎలా ఊరుకుంటాడు చెప్పు? మీ మరదలు నా పానాలన్నీ తీసుకెళ్ళి బట్టల కింద దాచేసింది.

నువ్వొస్తానంటున్నావట. వద్దు. వచ్చి గుమ్మంలో నిలబడి, పోయేవాణ్ణి చూసినట్టు చూస్తావు. ఆ చూపు నాకు తెలుసు, అమ్మ పోయినప్పుడు చూశా. పైగా ఏడాది పొడుగునా జలుబు నీకు. నేను కోలుకున్నాక నేనే వస్తా, బావతో చదరంగం ఆడి ఓడిస్తా.

అందాకా నా లోపల హాయిగా ఉండు. ఇల్లుగలవాడు మంచంలో ఉన్నాడు, అద్దెకొచ్చినావిడ ఇల్లు చూసుకుంటోంది. ఆయన లేచాక ఆయన ఇల్లు ఆయనకి అప్పజెప్పేద్దువుగాని.

నీ తమ్ముడు

మార్చి 2

ఒరేయ్ నాన్నా,

ఈ వారం ల్యాబులో అన్నీ తిప్పలే. మైక్రోస్కోపు దీపం మాడిపోయింది. కొత్తది వచ్చేదాకా చీకటిగదిలో ఊరికే చీకటి. నిదానానికి మోకాళ్ళ నొప్పి, స్టూలు మార్చమంటే అరటన్ను కాగితాలు రాయాలట. మీ బావ ఇంట్లో కళ్ళజోడు పోగొట్టుకుని, అది పెట్టుకునే వెతికాడు.

నీ స్లైడు వచ్చింది. ఈసారి నీవి కూడా కొన్ని కనబడ్డాయి. ఎక్కువేం కాదు, రెండొందల్లో తొమ్మిది. ఇద్దరి లెక్కా కలిసింది. నేనూ చూసుకున్నా. మీ డాక్టరుకి కాగితం పంపాం, ఆయన పిలిచి మాట్లాడతాడు. వెంటనే వెళ్ళు. కంగారుపడకు.

ఇంకేం రాయాలో తోచట్లేదు. వేళకి తిను.

నీ అక్క

మార్చి 5

అక్కా! అక్కా!

ఎంత చల్లటి కబురు రాశావే! చదివి గంతేశాను. నిజంగానే గంతేశాను, మంచం కోళ్ళు కదిలాయి. నావి తొమ్మిది లేచాయా? నాకు తెలుసు. పది రోజులుగా ఒంట్లో ఏదో తేడాగా ఉంది, తిండి కూడా సయిస్తోంది. నా రక్తం చచ్చిపోయిందని వీళ్ళంతా అనుకున్నారు గానీ, అది మొండిది, మొద్దునిద్ర పోయిందంతే. ఇక ఇల్లుగలవాడు లేచాడు. నువ్వు నెమ్మదిగా సామాను సర్దుకోవచ్చు!

వర్క్‌షాపులో వాళ్ళకి కబురు చేశాను. మా మేస్త్రీ, "నీ స్టూలు మీద ఎవణ్ణీ కూర్చోనివ్వలేదురా" అన్నాడు. నోరు నొప్పెడుతున్నా ఆయనతో మాట్లాడాను. మాట్లాడి ఏడ్చాను.

ఇంకొకటి చేశాను, తిట్టకు. మీ మరదలు బయటికెళ్ళినప్పుడు పానాలు తీసి, పైన మోటారు గదికి మెట్లెక్కి వెళ్ళి, ఆ లిఫ్టు బ్రేకు బిగించి వచ్చాను. ఇప్పుడు వచ్చి ఆగితే, అద్దంమీద చెయ్యి పెట్టినట్టు ఆగుతోంది.

డాక్టరు రమ్మని రెండుసార్లు ఫోను చేయించాడు. వచ్చే వారం వెళ్తాలే. మంచి కబురు ఇంట్లోనే తెలిసిపోయింది కదా, ఆ వరండాలో కూర్చుని మళ్ళీ వినడమెందుకు?

నీ తమ్ముడు

మార్చి 6

ఓరి మూర్ఖుడా,

నీ ఉత్తరం చదివి చీకటిగదిలోకెళ్ళి తలుపేసుకున్నా. నిదానం తలుపు కొట్టేదాకా బయటికి రాలేదు.

విను. గంతులాపి విను. నీవి లేవడం మంచి కబురు కాదు. నీ ఒంట్లోంచి వచ్చిన రక్తమే కదరా జబ్బుపడింది? ఆ క్యాన్సరు ఎక్కడో బయటినుంచి రాలేదు, నీ మూలుగలో పుట్టింది. దాన్ని మాడ్చేసి నాది పెట్టారు. ఇప్పుడు ఆకుపచ్చ చుక్క కనబడిందంటే పాత మూలుగ మళ్ళీ చిగురు వేస్తోందని. దాంతోపాటు జబ్బూ వస్తుంది. నువ్వు అద్దె ఇల్లు, ఇల్లుగలవాడు అని రాసినప్పుడు హాస్యమనుకున్నా, నిజంగా అలాగే అనుకుంటున్నావని నాకేం తెలుసు? నువ్వు లేవకూడదురా. నీ రక్తం ఎప్పటికీ లేవకూడదు. ఈ మాట నా చేత్తో రాయాల్సి వచ్చింది, ఖర్మ.

ఈ ఉత్తరం అందిన పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళు. వచ్చే వారం లేదు, గాడిదగుడ్డూ లేదు.

దారి లేకపోలేదు. నువ్వు రోజూ రెండుపూటలా మింగే తెల్ల మాత్ర ఉంది చూడు, అది నా కణాల్ని అణిచిపెట్టి ఉంచేది. అవి నీ ఒంటిని పరాయి ఒళ్ళనుకుని నీమీద పడకుండా ఆ మాత్ర వాటి చేతులు కట్టేసింది. ఇప్పుడు ఆ మాత్ర తగ్గిస్తూ పోతే నా కణాలు లేస్తాయి, లేచి నీవాటిని ఏరిపారేస్తాయి. అవి ఎవరివనుకున్నావు? చిన్నప్పుడు నీ గాలిపటం లాక్కున్న ఆ లావుపాటివాణ్ణి వీధి చివరిదాకా తరిమి తరిమి కొట్టానే, ఆ నేనే. నా పొగరు నా కణాలకి ఉండదా? కట్లు విప్పడమే ఆలస్యం, ఒక్కదాన్ని మిగల్చవు. డాక్టరు ఎలా తగ్గించమంటే అలా తగ్గించు.

ధైర్యంగా ఉండు. నాకు ధైర్యం లేదు, నువ్వైనా ఉండు.

నీ అక్క

మార్చి 30

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు, రాయబుద్ధి కాలేదు. అద్దంలో చూసుకుంటే నా మొహం మీద నాకే కోపంగా ఉంది. పగవాడైతే తలుపేసుకుంటాం. నాకు నేనే పగవాణ్ణయితే ఏ తలుపు వేసుకోను?

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చెడ్డమాట చెప్పేముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఆ రోజు మూడుసార్లు తుడుచుకున్నాడు. ఆకుపచ్చవి ఇరవైఆరు అయ్యాయని నీకూ తెలిసే ఉంటుంది. నువ్వు చెప్పిందే ఆయనా చెప్పాడు, మాత్ర తగ్గిద్దాం అన్నాడు. కానీ ఎలాగనుకున్నావు? చిటికెడు చిటికెడు, వారానికి కాస్త. ఆకుపచ్చవి పరుగెడుతుంటే మనం పాక్కుంటూ పోవాలట. లిఫ్టులో మనిషి ఇరుక్కుని ఊపిరాడక కొట్టుకుంటుంటే, "వచ్చే నెలకి తలుపు తెరుస్తాం, ఓపిక పట్టండి" అంటామా? పని తెలిసినవాడెవడూ అలా చెయ్యడు.

అయినా దిగులుపడకు. నావైపు నుంచి చెయ్యాల్సింది చేస్తున్నా. ఈ నాలుగు రోజులుగా అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడ్డాయి, దురద. మీ మరదలు భయపడింది. "పిచ్చిదానా, మా అక్క దిగింది" అన్నాను. నీ సైన్యమే కదూ అది?

పాపకి పై పన్ను ఊడింది. నీకు చూపించాలని దాచింది.

నీ తమ్ముడు

ఏప్రిల్ 13

ఒరేయ్ బంగారుకొండా,

ఒక్కటి లేదు!

మళ్ళీ రాస్తున్నా, ఒక్కటంటే ఒక్కటి లేదు. రెండొందలూ చూశారు, నమ్మకం లేక ఇంకో మూడొందలు చూశారు. అన్నీ రెండెరుపులే. నిదానం చీకటిగదిలోంచి బయటికొచ్చి నా నెత్తిమీద చెయ్యి వేసింది. ఆవిడ ఈ పదేళ్ళలో ఎవర్నీ ముట్టుకోగా నేను చూడలేదు. తర్వాత నేను లోపలికెళ్ళి ఆ స్లైడు ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నీలం మీద ఎరుపు జతలు, ఎటు జరిపినా ఎరుపు జతలే. "శభాష్, మా తల్లే" అని నన్ను నేనే మెచ్చుకున్నా.

ఆకుపచ్చ లెక్క ఇంత తొందరగా దిగుతుందని మా ల్యాబు డాక్టరమ్మ కూడా అనుకోలేదు. అరచేతులు ఎర్రబడ్డాయని రాశావు కదా, ఆవిణ్ణడిగా. నా కణాలు పని మొదలుపెట్టాయనడానికి అది గుర్తట, కాస్త ఉంటే మంచిదేనంది. మీ డాక్టరుకి మాత్రం చూపించమంది. చూపించే ఉంటావు. నీ లిఫ్టు వేదాంతం నాకు అర్థం కాలేదు గానీ, ఏది చేశావో అదే చెయ్యి, మానకు.

మీ బావకి చెప్తే, ఆయన కూడా చేతిలో పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆయన లేచి నిలబడ్డాడంటే నీకు తెలుసుగా ఎంత సంగతో.

పాప పన్ను జాగ్రత్తగా పెట్టమను. నేనొచ్చి చూస్తా.

నీ అక్క

ఏప్రిల్ 20

అక్కా,

వార్డులోంచి రాస్తున్నా. వేళ్ళు వాచాయి, అక్షరాలు కుదరడం లేదు, కూడబలుక్కుని చదువుకో.

నీకు చెప్పలేదు. మాత్ర తగ్గించలేదు, మానేశాను. డాక్టరుని కలిసి వచ్చిన రోజే మొత్తం మానేశాను. మీ మరదలి ముందు నోట్లో వేసుకుని, తర్వాత ఉమ్మేసేవాణ్ణి. కట్లు విప్పడమే ఆలస్యం అన్నావుగా. విప్పేశాను. నిన్ను నమ్మాను. నువ్వు చెప్పినట్టే చేశావు కూడా, ఒక్కటి మిగల్చలేదు.

కానీ నీకు ఎక్కడ ఆగాలో తెలియలేదక్కా. ఒళ్ళంతా కాలినట్టు తోలు ఊడి వస్తోంది. పక్క దుప్పటికి అంటుకుపోతోంది. కళ్ళు పసుపు తిరిగాయి. కడుపులో ఏదీ నిలవడం లేదు, రోజుకి ఎన్నిసార్లో లెక్క లేదు, వచ్చేది రక్తమే. పాపని లోపలికి రానివ్వడం లేదు, రానివ్వకపోవడమే నయం.

డాక్టరు ఒక ఇంజక్షన్ మొదలుపెడతానంటున్నాడు. అది నీ కణాల్ని కొట్టి పడేస్తుందట. దానికీ లొంగకపోతే ఇంకో మందుతో మొత్తం తుడిచేస్తాడట. "మరి ఆకుపచ్చవి మళ్ళీ వస్తే?" అన్నా. కళ్ళజోడు తీశాడు. వద్దన్నా. సంతకం పెట్టనన్నా. మీ మరదలు కాళ్ళు పట్టుకుంది, అయినా వద్దన్నా. ఒక్కటి లేదని నువ్వు రాసిన కాగితం నా దిండు కింద ఉంది. ఇంత కష్టపడి గెలిచాక, గెలిపించినదాన్ని నా చేత్తో నేనే చంపించుకోనా? ఈ మంట ఎన్నాళ్ళో ఉండదు. తట్టుకుంటా. నువ్వు శాంతించు, చాలు.

నీ తమ్ముడు

ఏప్రిల్ 20

తమ్ముడూ,

వ్యాను డ్రైవరుని వరండాలో కూర్చోబెట్టి రాస్తున్నా. "మీరు రాసేదాకా బండి తియ్యను" అన్నాడు.

నీ కాళ్ళు పట్టుకుంటా, ఇంజక్షన్ వేయించుకో. పెద్దదాన్ని, నీ కాళ్ళు పట్టుకోకూడదు, అయినా పట్టుకుంటా. ఈ కాగితం చదివిన నిమిషంలో ఆ సంతకం పెట్టు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అని నిన్ను తిట్టాలనుంది. ఎలా తిట్టను? పొగరు, సైన్యం, కట్లు విప్పడం, ఈ కూతలన్నీ కూసింది నేను. మెల్లగా అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నువ్వు తోలు ఊడి పడుంటే నేనిక్కడ శభాష్, మా తల్లే అని నన్ను నేను మెచ్చుకున్నాను. స్లైడు మీద ఎరుపు జతలు చూశాను గానీ, ఆ రక్తం ఏ ఒంట్లోంచి వచ్చిందో, ఆ ఒంటికి ఏమవుతోందో చూశానా? స్లైడు మీద నీ ఒళ్ళు కనబడదురా. చుక్కలు కనబడతాయి అంతే.

గెలిపించినదాన్ని ఎలా చంపుకోను అన్నావు. అది నేను కాదు! నేనిక్కడ ఉన్నా. నీ అక్క ఇక్కడ, ఈ వరండాలో, ముక్కు చీదుకుంటూ కూర్చుని ఉంది. అవి కణాలు. వాటికి తమ్ముడెవరో తెలీదు, నీ పేగూ తెలీదు, నీ కాలేయమూ తెలీదు, పరాయిది కనబడితే కొరకడమే వాటికి తెలుసు. చంపెయ్యమను. అన్నిటినీ చంపెయ్యమను. నా దగ్గర అలాంటివి కోట్లున్నాయి. తమ్ముడు ఒక్కడే ఉన్నాడు.

ఆకుపచ్చవి వస్తే రానీ. వచ్చినప్పుడు చూద్దాం. ముందు నువ్వుండాలి కదా, అవి రావడానికైనా.

ఇప్పుడే బయల్దేరి వచ్చేదాన్ని. దగ్గు, జ్వరం. మీ వార్డు సిస్టరుకి ఫోను చేస్తే, "ఆ గొంతుతో ఈ గుమ్మం తొక్కారంటే మీ తమ్ముణ్ణి మీరే చంపినట్టు" అంది. ఇప్పటికే చంపుతున్నానని ఆవిడకి చెప్పలేదు.

సంతకం పెట్టరా. డ్రైవరు లేచాడు.

అక్క

ఏప్రిల్ 24

అక్కా,

పెట్టాను. ఇంజక్షన్ మొదలైంది, ఇవాళ మూడోది.

నువ్వు కాళ్ళు పట్టుకుంటానన్నావని కాదు. ముక్కు చీదుకుంటూ కూర్చున్నానని రాశావు చూడు, అది చదివితే నువ్వు కనబడ్డావు. అప్పటిదాకా నా లోపలున్నదే నువ్వనుకున్నా.

సిస్టరు చెయ్యి పట్టుకుని రాయిస్తోంది. ఇంతే.

త.

జూన్ 8

తమ్ముడూ,

ఇంజక్షన్లు పనిచేశాయని, చర్మం మళ్ళీ కడుతోందని, రెండు ముద్దలు నిలుస్తున్నాయని, పాపని అద్దం అవతలనుంచి చూశావని మరదలు ఫోన్లో చెప్తుంటే, ప్రతిరోజూ ఆ మాటలే మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. నువ్వు బతికావు. నా కోరిక తీరింది. ఇంక ఏమీ అడగకూడదనుకున్నా.

నిన్న నీ స్లైడు వచ్చింది. కాగితం మీద అబద్ధం రాయడం నాకు చేతకాదన్నావు. వచ్చాయిరా. రెండొందల్లో నలభై ఒకటి. నిదానం లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, సంచీ తీసుకుని ఇంటికెళ్ళిపోయింది.

నేను లోపలికెళ్ళాను. అన్నాళ్ళూ ఆ ఆకుపచ్చ చుక్క కనబడితే చాలు, పళ్ళు కొరికేదాన్ని. నిన్న ఒక్కో కణమే జరుపుతూ ఎంతోసేపు చూశాను. ఎరుపు పక్కన చిన్న ఆకుపచ్చ చుక్క. ఇది నువ్వే కదరా అనిపించింది. అమ్మ నిన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టినప్పుడు, నీ ఒంటినిండా ఉన్నది ఇవే కదా. నిన్ను చంక దించకుండా ఎత్తుకు తిరిగినప్పుడు నేను మోసింది ఈ ఆకుపచ్చ చుక్కల్నే కదా. వాటిని చావండి చావండి అని శపించాను. ఇప్పుడెవర్ని గెలవమని దండం పెట్టను? నేను గెలిస్తే నువ్వు పోతావు. నువ్వు గెలిస్తే నువ్వు పోతావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, ఇన్నాళ్ళూ సామెతే అనుకున్నా.

మీ డాక్టరుతో మాట్లాడాను. మళ్ళీ నా రక్తం ఎక్కించడానికి వీల్లేదట, ఎక్కిస్తే ఏప్రిల్లో అయినదే మళ్ళీ అవుతుంది, ఈసారి నీ ఒళ్ళు తట్టుకోదట. వేరే మందు ఒకటుంది, ప్రయత్నిద్దాం అన్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడో లేదో ఫోన్లో కనబడలేదు. ఎంతవరకు నమ్మకం అని అడిగితే, "మీరు ఈ పనిలోనే ఉన్నారు కదమ్మా" అన్నాడు. అంటే ఏమిటో నాకు తెలుసు. నీకూ తెలియాలి, అందుకే రాశాను.

ఈ ఉత్తరం వ్యానుకి ఇవ్వడం లేదు. నేనే తెస్తున్నా. పొద్దున్నే బండెక్కుతా. జలుబు తగ్గింది, డాక్టరుకి చూపించుకుని కాగితం రాయించుకున్నా, మీ సిస్టరు కూడా ఇక నన్ను ఆపదు. గుమ్మంలో నిలబడి పోయేవాణ్ణి చూసినట్టు చూస్తానన్నావు. చూస్తానేమో. ఏడుస్తానేమో. తిట్టు, పడతాను.

ఏడు నెలలు నీ లోపల ఉన్నాను గానీ, నీ పక్కన ఒక్కపూట కూర్చోలేదు. నీకివ్వడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. చేతులూపుకుంటూ వస్తున్నా. పొమ్మన్నా పోను.

నీ అక్క